పసరు గిన్నె నుంచి పరీక్షనాళిక దాకా...

ఖమ్మం యార్డులో బూజు పట్టిన మిరపకాయ, పోడు చేలో సామ కంకి, చెట్టు కింద రాలిన ఇప్పపువ్వు, భద్రాచలం సంతలో నేల ఉసిరి కట్ట... ఒకదానికొకటి సంబంధం లేనట్టే ఉంటాయి. కానీ వీటన్నిటికీ లెక్క చెప్పాల్సిన అవయవం ఒకటుంది. కుడివైపు పక్కటెముకల కింద చప్పుడు చేయకుండా పనిచేసుకుపోయే కాలేయం! మన్యం అంచు దారిలో దాని కథ ఇది.

భద్రాచలం బస్టాండులో తెల్లవారుజామున బస్సు దిగేవాళ్లు రెండు రకాలు. రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు. దుమ్ముగూడెం, చర్ల, అటు చింతూరు, సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, సుక్మా వైపు పల్లెలు... ఎక్కడ ఎవరికి జబ్బు చేసినా ముందు గుర్తొచ్చే ఊరు ఇదే. వానాకాలంలో అయితే పచ్చబడ్డ కళ్లతో తల్లి ఒళ్లో వాలిపోయిన పిల్లాడు ఒక్కడైనా కనిపిస్తాడు.

‘కామెర్లకు ఇంగిలీషు మందు లేదంటమ్మా. మూడు పొద్దులు పసరు తాపిస్తే అవే దిగిపోతయి’ అంటుంది పక్కన కూర్చున్న పెద్దావిడ. తల్లి ఒకసారి ఆసుపత్రి దారి వైపు చూస్తుంది. మరోసారి ఊరికి తిరిగెళ్లే బస్సు వైపు చూస్తుంది.

ఎటు వెళ్లాలి? పెద్దావిడ మాటలో కొంత నిజముంది. ప్రాణం తీసేంత పొరపాటూ ఉంది. ఏది ఎంతో తేలాలంటే కాలేయం ఎలా దెబ్బతింటుందో తెలియాలి. ఆ సంగతి ప్రయోగశాలల్లో తేలింది. దానికి సాక్ష్యాలు మాత్రం ఖమ్మం నుంచి భద్రాచలం వరకూ ఉన్న నూట ఇరవై కిలోమీటర్ల దారి పొడవునా కనిపిస్తాయి.

యార్డులో మొదటి మజిలీ

సంక్రాంతి దాటిందంటే ఖమ్మం వ్యవసాయ మార్కెట్ ఎర్రబడుతుంది. ఎటు చూసినా మిర్చి బస్తాలే. ఘాటుకు కొత్తవాళ్లు తుమ్మకుండా నాలుగడుగులు వేయలేరు. ఇక్కడి ‘తేజ’ రకానికి విదేశాల్లోనూ గిరాకీ. వ్యాపారి బస్తాలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు. తెల్లబారినవి తాలు కింద పోతాయి. సరుకు దేశం దాటాలంటే మాత్రం ఈ చూపు చాలదు. ప్రయోగశాల రిపోర్టు కావాలి. అక్కడ వెదికే వాటిలో ముఖ్యమైనది అఫ్లాటాక్సిన్.

కాయ కళ్లంలో ఆరుతుండగా అకాల వాన వచ్చిందనుకోండి. పట్టా కప్పేలోపే తడిసిపోతుంది. సరిగా ఆరకుండానే బస్తాకెక్కితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. మొక్కజొన్న, వేరుసెనగలకూ అంతే. ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు కారణం అంతుపట్టక ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అన్నారు. ఆరా తీస్తే, దాణాలో కలిపిన వేరుసెనగ పిండికి పట్టిన బూజు దగ్గర తేలింది.

కోళ్లకే పరిమితమైతే ఇంత చెప్పుకునేవాళ్లం కాదు. 1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల్లో గిరిజన పల్లెలకు విచిత్రమైన కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడటం, పొట్టలోకి నీరు చేరటం, కొద్ది వారాల్లో ప్రాణం పోవటం. అంటురోగమా అంటే ఇంట్లో పాలు తాగే పసిపిల్లలు బాగానే ఉన్నారు. పెద్దలు తిన్న రొట్టె ముక్కలే తిన్న కుక్కలు మాత్రం చనిపోయాయి! హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఊళ్లకు వెళ్లారు. పంట కోసే వేళ పడిన వానలకు తడిసి, బూజెక్కిన మొక్కజొన్ననే వాళ్లు తింటున్నారని గుర్తించారు. నమూనాల్లో అఫ్లాటాక్సిన్ దొరికింది. వాళ్లు నమోదు చేసిన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. ఆ నివేదిక 1975లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది.

మరి ఈ విషం కాలేయాన్నే ఎందుకు పట్టుకుంటుంది? ప్రయోగశాలలో బయటపడిన అసలు సంగతి ఇదే. అఫ్లాటాక్సిన్ ఒంట్లోకి వచ్చినప్పుడు అంత ప్రమాదకారి కాదు. పరాయి పదార్థం ఏది వచ్చినా దాన్ని మార్చి, నీటిలో కరిగేలా చేసి బయటికి పంపటం కాలేయం పని. దీన్నీ అలాగే మార్చబోతుంది. ఆ మార్పులో మధ్యలో పుట్టే పదార్థం కణంలోని డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఎక్కువ మోతాదైతే కణాలు చచ్చిపోతాయి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి వెళితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. కాపలాదారే దొంగకు కత్తి నూరి ఇచ్చినట్టన్నమాట!

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతా దారంతా ఇదే కథ వేరువేరు వేషాల్లో ఎదురవుతుంది.

జనుము చుట్టం

రైల్లో వచ్చేవాళ్లు ‘భద్రాచలం రోడ్’ అనే బోర్డు చూసి దిగుతారు. తీరా బయటికొస్తే అది కొత్తగూడెం. బొగ్గు గనుల ఊరు. రాముడి గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. పాల్వంచ థర్మల్ పొగగొట్టాలు వెనక్కి పోయాక దారి పక్క టేకు, మద్ది, తునికి చెట్లు మొదలవుతాయి. ఎడంవైపు లోపలికి వెళితే కిన్నెరసాని జలాశయం, అభయారణ్యం. అడవి మధ్యలో అక్కడక్కడా చదునుచేసిన పోడు చేలు. జొన్న, కంది, ఒకప్పుడు విరివిగా వేసిన సామ, కొర్ర. ఇప్పుడు షుగర్ పేషెంట్ల పుణ్యమా అని ఆ చిరుధాన్యాలకు పట్నంలో మళ్లీ మర్యాద దొరికింది.

సామ చేలో కలుపుగా మొలిచే మొక్కల్లో గిలకకాయల జాతి ఒకటుంది. పచ్చిరొట్టకు వేసే జనుముకు చుట్టం. పసుపు పూలు, ఉబ్బిన కాయలు. ఎండాక ఊపితే లోపలి గింజలు గలగలమంటాయి. పిల్లలు ఆడుకునే ఆ కాయల్లో కొన్ని రకాల గింజలకు పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే విషాలుంటాయి.

1970ల్లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో ఆ విషం కాటు తెలిసింది. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్ ఉత్తరపు కొసన ఉంది. భద్రాచలానికి చాలా దూరమే. కానీ తిండి మాత్రం ఇక్కడి పోడు రైతు తినేదే. అక్కడి గిరిజనులు ‘గోంద్లీ’ అని పిలిచే సామను వండుకుని తిన్నవాళ్లకు పొట్ట కుండలా ఉబ్బిపోయేది. కుటుంబాలకు కుటుంబాలే మంచం పట్టాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలిస్తే, ఇళ్లలోని ధాన్యంలో గిలకకాయ గింజలు కలిసి ఉన్నాయి. నూర్చేటప్పుడు పంటతోపాటే వచ్చేసిన కలుపు అది. ఆ విషాన్నీ కాలేయమే మార్చి మరింత ఘాటుగా తయారుచేస్తుంది. లోపలి సన్నటి రక్తనాళాల గోడలు వాచి మూసుకుపోతాయి. రక్తం ముందుకు కదలక వెనక్కి తన్నుతుంది. నీరు ఊరి పొట్టలో చేరుతుంది.

ఇంత పరిశోధన తర్వాత తేలిన నివారణ ఏమిటి? చేటతో చెరగటం, జల్లెడ పట్టటం, చేలో కలుపు పీకటం. అమ్మమ్మలు చేసిన పనే. అయితే ఆ పని ఎందుకు చేయాలో అప్పటిదాకా ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఇప్పచెట్టు కింద

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే అడవిలో అలికిడి మొదలవుతుంది. ఇప్పపూలు రాత్రి పొద్దుపోయాక విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతాయి. బుట్టలు పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు బయల్దేరతారు. కోయ ఇళ్లలో ఎండబెట్టిన ఇప్పపువ్వు కరువుకాలపు తిండి. గింజల నుంచి నూనె. గిరిజన సహకార సంస్థకు అమ్మితే నాలుగు డబ్బులు. పూల లడ్డూలూ చేస్తున్నారు. పూవులోని తీపి పులిస్తే సారా. కొత్త పంటకైనా పెళ్లికైనా చావుకైనా చుక్క పడాల్సిందే.

పండగ పూట తాగేదానికీ, రోజూ కడుపు మాడ్చుకుని తాగేదానికీ తేడా కాలేయానికి బాగా తెలుసు. సారాను అది ముందు అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. దాన్ని వెంటనే హాని లేని అసిటేట్‌గా మార్చి పంపేస్తుంది. తాగుడు మితం దాటితే ఈ రెండో పని వెనకబడుతుంది. కొవ్వు పేరుకుంటుంది, తర్వాత వాపు, ఆ తర్వాత మచ్చలు. ఈ మూడో దశ వరకూ మనిషి పనికి వెళుతూనే ఉంటాడు. నొప్పి ఉండదు. అందుకే నమ్మడు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమానికి తలొగ్గి 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించారు. ఆ తల్లులు కాలేయం గురించి చదువుకోలేదు. సారా వల్ల ఇంట్లో ఏం పోతుందో వాళ్లకు తెలుసు.

అలాగని ఇది అడవివాళ్ల జబ్బని పట్నంవాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది! గంటల తరబడి కుర్చీలో కూర్చోవటం, నిద్ర లేకపోవటం, తీపి పానీయాలు. చుక్క ముట్టకపోయినా కాలేయం కొవ్వుతో నిండుతోంది.

ఇక జ్వరం బిళ్ల సంగతి. ఏజెన్సీలో వానాకాలం అంటే జ్వరాల కాలం. కిరాణా కొట్లో కూడా పారాసిటమాల్ దొరుకుతుంది. సరైన మోతాదులో అది మంచి మందే. అయితే దానిలో కొద్ది భాగాన్ని కాలేయం విషపదార్థంగా మారుస్తుంది. గ్లూటాథియోన్ అనే రక్షక పదార్థం దాన్ని అక్కడికక్కడే అణచేస్తుంది. తిండి లేనివాళ్లలో ఈ రక్షకుడి నిల్వ తక్కువ. రోజూ తాగేవాళ్లలో విషం తయారీ ఎక్కువ. ఇద్దరూ ఒక్కరే అయి, జ్వరం తగ్గలేదని గుప్పెడు బిళ్లలు మింగితే? 1970ల్లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో ఈ లెక్క తేలింది. ఆ లెక్కలోంచే విరుగుడు కూడా వచ్చింది. గ్లూటాథియోన్‌ను మళ్లీ నింపే ఎసిటైల్ సిస్టీన్ మందు వేళకు అందితే మనిషి బతుకుతాడు.

గోదారి తెచ్చే పచ్చదనం

సారపాక దాటగానే గోదావరి. 1965లో కట్టిన వంతెన మీద బస్సు ఎక్కగానే ప్రయాణికులు చేతులు జోడిస్తారు. ఎదురుగా గుడి గోపురం. కింద స్నానఘట్టాల దగ్గర నీటిమట్టం కొలిచే గుర్తులు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు... ఈ ఊరివాళ్లకు పుట్టినరోజులకన్నా ఈ అంకెలు బాగా గుర్తు.

వరద తీశాక అసలు బాధ మొదలవుతుంది. బావుల్లోకి, బోర్లలోకి మురుగు చేరుతుంది. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లకు ఇదే రాచబాట. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన తాగునీటివల్ల 29 వేలకు పైగా జనం కామెర్ల పాలయ్యారు. అదంతా ‘ఎ’ రకమే అనుకున్నారు. దాచి ఉంచిన రక్తనమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే కాదని తేలింది. అది తర్వాత ‘ఇ’గా పేరు పెట్టిన వైరస్.

ఇక్కడే పెద్దావిడ మాటలోని నిజం బయటపడుతుంది. ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. విశ్రాంతి, తిండి, శుభ్రమైన నీళ్లు చాలు. వాటికి ప్రత్యేకమైన మందంటూ లేదన్న మాటా చాలావరకు నిజమే. మరి తగ్గే రోజుల్లో పసరు తాగితే? పేరు పసరుకు వస్తుంది. అది ఆకు గొప్పతనమో కాలం గొప్పతనమో ఎవరు లెక్క చూశారు?

కొన్ని ఊళ్లలో ఇంకో తంతు ఉంది. రోగి చేతులకు ఏదో రసం రాసి, సున్నపు నీళ్లు పోస్తూ రుద్దుతారు. పచ్చటి నీళ్లు కారతాయి. ‘చూశావా, కామెర్లు దిగుతున్నయి!’ అంటారు. మామిడి బెరడు లాంటి వగరు రసానికి సున్నం తగిలితే వచ్చే రంగు అది. జబ్బు లేనివాడి చేతులకు రాసినా అలాగే కారుతుంది. ఇంట్లోనే చేసి చూడదగ్గ ప్రయోగం.

ప్రమాదం ఎక్కడంటే, పచ్చకళ్లు వచ్చిన ప్రతిదీ ఈ రెండు రకాలే కాదు. నిండు గర్భిణికి ‘ఇ’ సోకితే నూటికి ఇరవై మంది దాకా ప్రాణాలు పోవచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కామెర్లే. ‘బి’, ‘సి’ వైరస్‌లైతే ఏళ్ల తరబడి లోపల నక్కి ఉంటాయి. కళ్లు పచ్చబడే నాటికి కాలేయం గట్టిపడి ఉంటుంది. వీటన్నిటికీ ఒకటే పసరు, ఒకటే మూడు పొద్దులు!

నేల ఉసిరి పరీక్షకు కూర్చుంది

అలాగని శాస్త్రవేత్తలు ఆకును ఈసడించుకోలేదు. చేల గట్ల మీద జానెడెత్తు పెరిగే నేల ఉసిరిని, కామెర్లకు తరతరాలుగా వాడుతున్న మొక్కని, పరీక్షకు కూర్చోబెట్టారు. మద్రాసు పరిశోధకులతో ఇందులో చేతులు కలిపింది సామాన్యుడు కాదు. హెపటైటిస్ బి వైరస్‌ను పట్టుకుని 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లూంబర్గ్. బి వైరస్‌ను మోస్తున్నవాళ్లలో 37 మందికి నేల ఉసిరి పొడి, 23 మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. పొడి తీసుకున్నవాళ్లలో 22 మందిలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మాత్రల జట్టులో ఒక్కరిలోనే! 1988లో లాన్సెట్‌లో ఈ ఫలితం రాగానే ప్రపంచమంతా నేల ఉసిరి వైపు తిరిగింది.

తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్క జాతి తేడానా, మొలిచిన నేల తేడానా, మోతాదు తేడానా అని వాదనలు నడిచాయి. అన్ని పరీక్షలనూ కలిపి చూసినవాళ్లు, బి వైరస్‌కు ఇది మందని చెప్పటానికి ఆధారాలు చాలవన్నారు. నేలవేము, గుంటగలగర, అటికమామిడి కూడా ప్రయోగశాల మెట్లెక్కినవే. ముందుగా వీటి రసం పట్టించిన ఎలుకలకు తర్వాత విషం ఇస్తే కాలేయం తక్కువగా దెబ్బతిందని ఎన్నో ప్రయోగాలు చెప్పాయి. అయితే దెబ్బ తగలకముందు ఎలుకను కాపాడటం వేరు, దెబ్బతిన్న మనిషిని బాగుచేయటం వేరు. ఆ రెంటి మధ్య దూరాన్ని చాలా మొక్కలు ఇంకా దాటలేదు.

కొన్నిసార్లు కథ అడ్డం తిరుగుతుంది కూడా. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. 2021లో ముంబయి వైద్యులు, ఆ తర్వాత దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించారు. తిప్పతీగను పోలిన మరో జాతి తీగ వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. వాదన ఎటు తేలినా ఇంటివాళ్లు నేర్చుకోవాల్సింది ఒకటుంది. ‘ఆకే కదా, ఏం చేస్తుందిలే’ అనుకోవటానికి లేదు. కాలేయం దగ్గరికి వచ్చేసరికి ఆకురసానికైనా మందుబిళ్లకైనా సారా చుక్కకైనా ఒకటే గుమ్మం.

మచ్చ పడే చోటు

దెబ్బ తగిలితే కాలేయం ఊరికే ఊరుకోదు. ఎలుక కాలేయంలో మూడింట రెండొంతులు కోసేసినా వారం, పది రోజుల్లో మళ్లీ పెరుగుతుందని 1931లోనే చూపించారు. ఇంత సత్తువ ఉన్నది మరి గట్టిపడి ఎందుకు చెడిపోతుంది?

జవాబు కోసం ప్రయోగశాలలో ఎలుకలకు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తారు. ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగ్‌కు, మంటలార్పటానికి వాడిన ద్రవమది. ఒక్కసారి ఇస్తే కాలేయం కోలుకుంటుంది. వారానికి రెండుసార్లు చొప్పున నెలలపాటు ఇస్తే సిర్రోసిస్ వస్తుంది. అప్పుడు లోపల ఏం జరుగుతుందో చూస్తే, అసలు పాత్రధారులు నక్షత్రాకారపు కణాలని తేలింది. 1876లో కుఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని మొదట చూశాడు. మామూలు రోజుల్లో ఇవి విటమిన్ ఎ దాచుకుని నిద్రపోతుంటాయి. కాలేయానికి పదేపదే దెబ్బ తగిలితే మేలుకుని, దాచుకున్నది వదిలేసి, నారలాంటి పదార్థాన్ని పోగులు పోగులుగా అల్లటం మొదలుపెడతాయి. గాయాన్ని కుట్టాలని వాటి ఉద్దేశం. గాయం ఆగకపోతే కుట్లూ ఆగవు. చివరికి మెత్తటి కాలేయం కుట్లతో నిండిన చింకి బొంతలా తయారవుతుంది.

ఇందులో ఆశ కలిగించే సంగతి కూడా ప్రయోగశాలలోనే దొరికింది. దెబ్బకు కారణాన్ని తీసేస్తే ఆ కణాల్లో చాలా మళ్లీ నిద్రపోతాయి, కొన్ని చచ్చిపోతాయి, నార కొంతవరకూ కరుగుతుంది. మరీ ముదరకముందు తాగుడు మానినా, వైరస్‌ను అణచినా, బరువు తగ్గినా కాలేయం మెత్తబడుతుంది. ముదిరితే కాలేయ మార్పిడే దిక్కు. దానికి ప్రత్యామ్నాయం వెదికినవాళ్లూ హైదరాబాద్‌లో ఉన్నారు. దక్కన్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సి.ఎం.హబీబుల్లా బృందం, కాలేయం హఠాత్తుగా ఆగిపోయిన రోగులకు కాలేయ కణాలను ఎక్కించే ప్రయత్నం చేసి 1994లో ఆ వివరాలు ప్రచురించింది.

ఈస్టు చేసిన మేలు

ఇంతకీ బి వైరస్ అంటే అంత భయమెందుకు? షాంఘైలో 18 వేల మంది మగవాళ్లను గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 1990ల్లో ఒక లెక్క చెప్పారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు మూడు రెట్లు. బి వైరస్ ఒక్కటే అయితే ఏడు రెట్లు. రెండూ కలిస్తే? దాదాపు అరవై రెట్లు! ఖమ్మం యార్డులో చూసిన బూజు, భద్రాచలం ఆసుపత్రిలో చూసిన వైరస్... రెండూ ఒక మనిషిలో కలిస్తే అంత విధ్వంసం.

బూజును ఎండ అడ్డుకుంటుంది. వైరస్‌ను టీకా అడ్డుకుంటుంది. 1990ల్లో ఆ టీకా విదేశాల నుంచి రావాల్సిందే. సామాన్యుడికి అందని ధర. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీలో చోటు సంపాదించి పరిశోధన నడిపించారు. 1997 ఆగస్టులో ‘శాన్‌వాక్-బి’ బయటికి వచ్చింది. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అది. వైరస్ పైపొరను తయారుచేసే జన్యువును ఒక రకం ఈస్టులో పెట్టి, ఆ ఈస్టు చేతే టీకా సరుకు తయారుచేయించారు. కల్లునూ సారానూ పులియబెట్టేదీ ఈస్టు జాతే. ఒక చుట్టం కాలేయాన్ని కూల్చే సారా తయారుచేస్తుంది, ఇంకో చుట్టం దాన్ని కాపాడే టీకా తయారుచేస్తుంది.

ఇప్పుడా టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడితే, తల్లి నుంచి బిడ్డకు వైరస్ దాటే దారి చాలావరకూ మూసుకుంటుంది. అడవి లోపలి ఊళ్లలో కాన్పు ఇంట్లోనే జరిగితే తప్పిపోయేది ఈ ఒక్క రోజే.

మళ్లీ బస్టాండు దగ్గరికి...

ఇక ఆ తల్లి సందేహానికి జవాబు చెప్పొచ్చు. ముందు ఆసుపత్రికి వెళ్లాలి. కామెర్లు ఏ రకమో రక్తపరీక్షలో తేలుతుంది. ఎ లేదా ఇ అయితే, పరిస్థితి విషమించలేదని డాక్టరు చెబితే, పిల్లాడిని ఇంటికి తీసుకెళ్లి కాచి చల్లార్చిన నీళ్లు, మామూలు తిండి పెడితే చాలు. సి వైరస్ అయితే ఇప్పుడు సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. బి అయితే మాత్రలతో అణచి ఉంచొచ్చు. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. అది బ్లూంబర్గ్ పుట్టినరోజు. ప్రపంచ హెపటైటిస్ దినం కూడా. అంటే ‘ఇంగిలీషు మందు లేదు’ అన్న మాట ఎ, ఇ రకాల దగ్గరే ఆగిపోయింది. మిగతా రకాలకు కాలం మారింది.

పిల్లాడు మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడుతున్నా, వాంతుల్లో రక్తం పడినా, పొట్ట ఉబ్బినా ఒక్క పూట కూడా ఆగకూడదు. ఏ పసరు తాగించారో, ఏ బిళ్లలు వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. తిడతారని భయపడి దాచిన ఆ ఒక్క మాటలోనే కొన్నిసార్లు జబ్బు కారణం ఉంటుంది.

పసరు నూరే చేతిని తిట్టాల్సిన పనిలేదు. ఆసుపత్రి లేని రోజుల్లో ఈ అడవి మనుషులకు ధైర్యం చెప్పింది ఆ చేతులే. నేల ఉసిరిని ప్రయోగశాల దాకా నడిపించింది ఆ జ్ఞాపకమే. ఆ చెయ్యి ‘ముందు రక్తం చూపించుకుని రా బిడ్డా’ అని ఆసుపత్రి వైపు చూపించిన రోజున ఈ నూట ఇరవై కిలోమీటర్ల దారిలో ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

చర్ల బస్సు హారన్ కొడుతుంది. తల్లి లేచి, పిల్లాడిని చంకనెత్తుకుని, ఆసుపత్రి ఎటని అడుగుతుంది. దగ్గరే. నడిచి వెళ్లేంత దూరం.